అత్తను తిట్టి అందుగు పట్టు వేసిన దినం

మిరుగం కార్తె సొచ్చినంక మొదటి ఆదివారం, పొద్దుగాల సరిగ్గ పది గంటలకు మా అత్త కుడిచెయ్యి విరిగింది. మా ఇంట్ల గడియారం లేకుండె. గని గప్పుడే ప్రార్థన గుడి గంట కొట్టిన్రు. గంట ఆగంగనే గుట్ట దిక్కు నుంచి అత్త కేక ఇనవడ్డది. గందుకే టైము ఇంత పక్కాగ చెప్తున్న. పెద్ద లడాయి నడుస్తున్న కాలం అది. అల్వాల్ దిక్కు మిలిటరీ గుడారాలు మస్తుగ లేసి ఉండె. మా ఊరు శామీర్‌పేట చెరువు అవతల. నేను బహదూర్‌పల్లి నుంచి కోడలుగ వచ్చినంక అది మూడో వానకాలం.

మా అత్త ఎవరో ముందుగాల చెప్పాలె. ఆమె బొక్కలు కట్టేటి మనిషి. మేడ్చల్ కాడ ఎవరి కాలు విరిగినా, అల్వాల్ కాడ ఎవరి భుజం జారినా బండి మా వాకిట్లకే వచ్చేది. మా మామ చెరువుల చేపలు పట్టెటోడు. నేను రాకముందే పోయిండు. ఆయన వల కొడుకుకు వచ్చింది. అత్త విద్య మాత్రం అత్త కాడనే ఉండె. ఆ విద్య కూతురికి చెప్పరు, కూతురైతె ఇంకో ఇంటికి తీస్కపోతదని. కోడలికే చెప్తరు. గని చెప్పుడంటే కూసోవెట్టి చెప్పుడు గాదు. అప్పటిదాంక నాతోని బంక ఏరిపిచ్చుడు, దంచిపిచ్చుడు, అంతే. మనిషి బొక్క మీద నా వేలు పడనియ్యలె.

బంకంటె అందుగు చెట్టు బంక. గుట్ట మీద బండల సందుల పెరుగుతది అందుగు. దాని తోలు కాయిదం లెక్క పొరలు పొరలుగ లేస్తది. చలికాలం ఆ తోలు జరంత గీకి ఇడిసిపెడితె, ఎండలు ముదిరెటాల్లకు గీకిన కాడ పచ్చగ కారి గడ్డకడ్తది. చేతికి అంటిందంటె నీళ్లకు పోదు, నూనె రాస్తెనే పోతది. వానలు మొదలైతె చెట్టు మీది బంక ఖరాబైతది. గందుకని మిరుగంల నాలుగు చినుకులు పడ్డయంటె అత్త కాలు ఇంట్ల నిలవకపోయేది.

తెచ్చినంక చాటల పోసి ఏరుడు నా పని. తేటగ, అద్దం లెక్క ఉన్న ముక్కలు లోపలికి తినెటందుకు. వాటిని గుడ్డల మూటగట్టి పాలకుండల ఏలాడదీసి ఉడకవెట్టేది అత్త. మోకాళ్లు పట్టుకపోయిన ముసలోళ్లకు శెనగగింజంత ఇచ్చేది. నడిమి రకం విరిగిన బొక్కలకు పట్టు వేసెటందుకు. తోలు, చెత్త అంటుకున్నది నిప్పుల మీద చల్లితె పొగ. బాలింత ఇంట్ల, పసిపిల్లకు నీళ్లు పోసినంక ఆ పొగనే పట్టెటోళ్లు. కాళ్ల పగుళ్లకు మైనంల కరగవెట్టి రాసుకునుడు ఒకటి. ఏ ముక్క దేనికి పోవాలెనో నాకు చూడంగనే తెలిసేది. ఆ ఒక్క పనికి అత్త నన్ను వంకపెట్టలేదు. మిగిలిన అన్నిటికి పెట్టింది.

అత్త పనితనం బంకల సగం, నోట్ల సగం. నొప్పి వస్తదని కాసుకోని కూసున్న మనిషికి ఒళ్లు కట్టెగడ్తది. కట్టెగట్టిన ఒంట్ల జారిన బొక్క మళ్ల జాగకు రాదు. గందుకని అత్త ముందుగాల తిట్టేది. ఒకసారి కల్లుగీసేటాయన భుజం జారి వచ్చిండు. అత్త ఆయన చెయ్యి మెల్లగ పట్టుకోని, ఏదో ఊరి ముచ్చట లెక్క, "ఏమోయ్, నీ కల్లుల సగం చెరువు నీళ్లేనంట గద? నా కొడుకు సూసిండంట" అన్నది. ఆయన కండ్లెర్ర జేసి "ఎవడన్నడు గా మాట" అని నోరు తెరిచిండో లేదో, టక్కుమని గుంజింది. ఆయన కోపం దిగెటాల్లకు భుజం జాగల ఉంది. ఒక్కొక్కలకు ఒక్కొక్క తిట్టు. ఎవరికి ఎక్కడ మండుతదో అత్తకు ఎరికే.

ఆ ఆదివారం సంగతికి వస్త. గుట్ట మీద రాత్రి చినుకులకు బండలు నున్నగై ఉన్నయి. అత్త చీర కొంగు ఒడిగట్టి, ఆఖరు బంకంత అందుల ఏసుకోని దిగుతాంటె కాలు జారింది. బంక ఒలికిపోవద్దని ఎడమచెయ్యితోని ఒడి గట్టిగ పట్టుకున్నది. కుడిచెయ్యి ఒక్కటే నేలకు ఆనింది. మేము ఉరికిపోయి చూసెటాల్లకు మణికట్టు కాడ చెయ్యి వంగిన గరిటె లెక్క ఉంది. ఒడిల బంక ఒక్క ముక్క పోలె.

"ముందు బంక తీస్కో, అటెన్క నన్ను లేపు" అన్నది నాతోని.

మా ఆయన, కుమ్మరి మామ ఇద్దరు ఆమెను ఇంటికి పట్టుకొచ్చిన్రు. కుమ్మరి మామ ఆ పొద్దు మాకు కొత్త కుండ ఇయ్యనీకి వచ్చి ఉండె. అత్తను అక్కా అని పిలిచెటోడు. పక్కింటామె తెల్లచీర కట్టుకోని ప్రార్థనకు ఎళ్లిందల్ల, కేక విని సగం బాటల మర్లొచ్చింది. వాకిట్ల గోడకు ఆనిచ్చి అత్తను కూసోవెట్టినం.

మా ఆయన పరేషానై, "బండి కడ్త, లష్కర్ దవాఖానకు పోదాం" అన్నడు.

"లష్కర్‌ల సున్నపు కట్టు మంచిదేరా, నేను వద్దంటలేను" అన్నది అత్త. "గని గీ బురదల ఎడ్లు ఆడికి పోయెటాల్లకు మాపటియాళ్ల అయితది. అప్పటికి చెయ్యి గుమ్మడికాయంత ఉబ్బుతది. ఉబ్బకముందే బొక్క కూసోవాలె. నువ్వే గుంజు."

మా ఆయన చెరువుల ఎంత పెద్ద వాలుగనైనా ఒక్కడే గట్టుకు ఏస్తడు. అమ్మ చెయ్యి పట్టుకున్నడు గంతే, గజగజ వణికిండు.

"నా చెయ్యి పట్టినవా, గాలం పట్టినవారా? ఇడువు" అన్నది అత్త. కుమ్మరి మామ దిక్కు చూసింది. ఆయన తన మోచెయ్యి చూపిచ్చిండు. రెండేండ్ల కింద విరిగిన మోచెయ్యి అది, అత్త కట్టిందే. అతికింది గని పూర తిన్నగ కాదు. "నా చెయ్యే సాగదక్కా, నీది ఏం గుంజుత" అన్నడు.

అప్పుడు నా దిక్కు తిరిగింది. "నువ్వు రాయే."

నేను కదలలె.

"ఏం సూస్తవు? నా పొయ్యి మీద వండింది తింటున్నవు గద? రా. ఒక చేత బొటనవేలు పట్టు, ఒక చేత నాలుగు వేళ్లు పట్టు. నా కొడుకు మోచెయ్యి కాడ పట్టుకుంటడు. ముందుగాల నీ దిక్కు గుంజు, అటెన్క కిందికి వంచు. గుంజినంక ఆగొద్దు. సగంల ఆగినవంటె నా చెయ్యి నీ పాపాన పోతది."

పట్టుకున్న. చెయ్యి మంటలెక్క కాలుతుండె.

"తిట్టు" అన్నది అత్త.

గా కాలంల కోడలు అత్త ముంగట గొంతు లేపుడు కాదు గదా, మంచం మీద కూసునేది గూడ లేకుండె. ఏ తిట్టు తిట్టాలెనో ఎతుక్కున్న. ఆఖరుకు, "అత్తా, నువ్వు పప్పుల ఉప్పు ఎక్కువేస్తవు" అన్న.

కుమ్మరి మామ పక్కున నవ్విండు. అత్త గూడ నవ్వింది, అంత నొప్పిల. "గిదేం తిట్టే? గిది వింటె నాకు ఆకలైతాంది. గట్టిగ తిట్టు."

"నువ్వు గురక పెడ్తవు. ఇల్లంత నిద్రపోదు."

"పెడ్త. అయితె?"

"అక్కా, కోడల్ని మరీ మంచిగ పెంచినవు. తిట్టు రాకుంట జేసినవు" అన్నడు కుమ్మరి మామ.

అయినా గుంజిన. అత్తకు ఏమో అన్నీ ఎరికే, తిట్టు ఎప్పుడు వస్తదో, గుంజుడు ఎప్పుడు వస్తదో. ఒళ్లంత ముందే బిగబట్టింది. ఒక్క కేక పెట్టింది. బొక్క కదలలె. నా చేతుల్ల నుంచి ఆమె వేళ్లు జారిపోయినయి. పక్కింటామె మోకాళ్ల మీద కూసోని ప్రార్థన చేసుడు మొదలువెట్టింది.

అత్త తల గోడకు ఆనిచ్చింది. వాపు మా కండ్ల ముంగటనే ఎక్కుతాంది. అటెన్క చిన్న గొంతుతోని, నాకు ఒక్కదానికే ఇనవడేటట్టు, "వేళ్లు సల్లవడ్తున్నయే" అన్నది. "గిది వంకరగ అతికిందంటె ఇగ నేను బొక్క పట్టలేను. మంది వాకిట్లకు వచ్చి, నా చెయ్యి జూసి ఎన్కకు మర్లుతరు."

అత్త భయపడంగ నేను చూసింది గప్పుడే. చూసినంక నాకు తెలిసింది, ఏమంటె ఈమెకు మండుతదో.

కుమ్మరి మామ మోచెయ్యి తిన్నగ రాకపోయినందుకు అత్త ఊరందరికి ఒకటే మాట చెప్పేది, ఆయన ఓపిక లేక పట్టు ముందే పీకేసుకున్నడని. ఊరందరు అవునన్నరు. ఆయన గూడ అవునన్నడు. గని ఆ పట్టుకు బంక దంచింది నేను. ఆ ఏడు బంక తక్కువవడి, అత్త సొరకాయ బుర్ర అడుగున ఉన్న పాత బంక తీసిచ్చింది. రోట్ల ఏస్తె ఇసుక లెక్క పొడిపొడి అయింది, జిగట లేదు. పట్టు ఎండంగనే పర్రెలు వాసింది. కుమ్మరి మామ పీకలె. అదే రాలింది. నాకు ఎరికె, అత్తకు ఎరికె. ఇద్దరం ఎన్నడూ దాని మాట ఎత్తలె.

నేను మళ్ల వేళ్లు పట్టుకున్న. ఈసారి మోకాలు నేలకు ఆనిచ్చి గట్టిగ పట్టిన. మా ఆయనను మోచెయ్యి కాడ పట్టుకొమ్మని సైగ జేసిన. వాకిట్ల అందరికి ఇనవడేటట్టు అన్న.

"అత్తా, కుమ్మరి మామ మోచెయ్యి ఆయన చెడగొట్టుకోలె. నువ్వు చెడగొట్టినవు. సచ్చిన బంక పెట్టినవు."

ప్రార్థన ఆగిపోయింది. అత్త మొఖం మిరపపండు అయింది. "ఎవ్వతివే నువ్వు! నా బంకను..." అని ఎడమచెయ్యి లేపింది.

గప్పుడే గుంజిన. ఆగలె. గుంజి, కిందికి వంచిన. లోపల టక్కుమన్నది నా వేళ్లకు తెలిసింది, చెవులకు గాదు. అదే గడియల ఆమె ఎడమచెయ్యి నా చెంప మీద పడ్డది. గుంజుడు, దెబ్బ రెండు ఒక్కసారే. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి గని చెయ్యి ఇడవలె.

మణికట్టు తిన్నగ ఉంది. గరిటె వంపు పోయింది.

అత్త దానిదిక్కు చూసింది, నా దిక్కు చూసింది. కుమ్మరి మామ మాత్రం తన మోచెయ్యి దిక్కు చూసుకుంట, "గట్లనా అక్కా? నేను ఇన్నొద్దులు నాదే తప్పనుకుంటిని" అన్నడు.

"నిలవడి సూస్తున్నరేంది, బంక దంచున్రి" అన్నది అత్త.

చెయ్యి ఇడిసిపెడితె బొక్క మళ్ల జారుతది, గందుకని మా ఆయనను పట్టుకొమ్మని చెప్పి నేను లేసిన. అత్త ఒడిల వచ్చిన బంకనే తీసిన. ఆ పొద్దు చెట్టు మీద నుంచి వచ్చింది, వేళ్లకు సాగుతాంది. అండ్ల నడిమి రకం ఏరి రోట్ల ఏసి నూరిన. పక్కింటామె అల్వాల్ మిలిటరీ వంటసాలకు అమ్మనీకి దాచిన గుడ్లు గంపతోని తెచ్చి నా ముంగట పెట్టింది. లడాయి దినాల్ల గుడ్డు దొరుకుడే కష్టం. పచ్చసొన పక్కకు తీసి, తెల్లసొనల మినుపపిండి, బంక కలిపి కొట్టిన. అది చేతికి అంటుకోని తీగ లెక్క సాగాలె. సాగింది. పాత ధోవతి చింపి పీలికల మీద రాసిన. కుమ్మరి మామ మా చేపల బుట్ట ఇప్పి వెదురు బద్దలు తీసిచ్చిండు.

చుట్టుతాంటె అత్త పండ్లు కొరుక్కుంట చెప్పింది. "గుప్పిట ఉత్తగ ఉంచకు. నిమ్మకాయంత గుడ్డ ఉండ పెట్టు. అతికినంక గుప్పిట పట్టాలె గద." పెట్టిన. "వేళ్ల కొనలు మూయకు." మూయలె. ఆఖరుకు ఆమె గోరు నొక్కి ఇడిస్తె తెల్లగై, మళ్ల ఎర్రగ వచ్చింది. వేళ్లు వెచ్చవడ్డయి. వాకిట్లంత అందుగు వాసన. నా చెంప మీద అత్త వేళ్లు ఐదు లేసి ఉన్నయి. ఆ చెంపతోనే పని పూర్తి జేసిన.

అటెన్క అత్త నాతోని మాట బందు వెట్టింది. గని కుడిచెయ్యి కట్టుల ఉంటె అన్నం ఎట్ల తింటది? ఎడమచెయ్యితోని తినదు. కొడుకు చేపలకు పోతడు. ఇగ నేనే తినిపియ్యాలె. గోడ దిక్కు మొఖం పెట్టి నోరు తెరిచేది. కూర నచ్చకుంటె మా ఇంటి పిల్లికి చెప్పేది, "ఆ పిల్లకు చెప్పవే, పులుసుల చింతపండు తక్కువైందని." నేను గూడ పిల్లికే చెప్పేదాన్ని, "రేపు ఎక్కువేస్తనని చెప్పవే." రోజూ పొద్దుగాల పాలల్ల ఉడకవెట్టిన తేట బంక శెనగగింజంత నాలుక మీద పెట్టేదాన్ని. దానికి మాత్రం వంక పెట్టకపోయేది.

బట్టలుతికే కాడ ఆడోళ్లు ఊకుంటరా? "అత్తను అందరి ముంగట తిట్టినవంట గద. తల్లిగారు గిట్లనే నేర్పిన్రా?" అన్నది ఒకామె.

"తల్లిగారు నేర్పలె. అత్తనే తిట్టుమన్నది. కట్టు ఇప్పినంక వచ్చి చెయ్యి చూడు, అప్పుడు అను" అన్న.

అన్న గని, పండుకుంటె నిద్ర వచ్చేది గాదు. చెయ్యి వంకరగ వస్తె తిట్టు మిగులుతది, చెయ్యి మిగలదు. ఊర్లె ఆ మాట నేను సచ్చేదాంక నా పేరుకు అంటుకుంటది. దినాం గోరు నొక్కి చూసుడు, వేళ్లు కదిలిపియ్యి అని పిల్లికి చెప్పుడు. కదిలిచ్చేది అత్త, గోడ దిక్కు చూసుకుంటనే.

కట్టు ఇప్పే దినం అత్తనే చెప్పింది, కొడుకుతోని. ఎసరు నీళ్లు, నువ్వుల నూనె దగ్గర పెట్టుకోని తడుపుకుంట తడుపుకుంట ఇప్పిన. పట్టు ఎక్కడ పర్రె వాయలె. గుడ్డు పెంకు లెక్క ఒక్క తీరుగ వచ్చింది. లోపల చెయ్యి సన్నగై, తెల్లగై ఉంది. గని తిన్నగ ఉంది. అత్త ఎడమచెయ్యి పక్కన పెట్టి రెండు కొలిచి చూసుకున్నది. మలిపింది. గుప్పిట మెల్లగ మూసింది, తెరిచింది, మళ్ల మూసింది.

"దగ్గరికి రాయే" అన్నది. పిల్లితోని గాదు, నాతోని.

పోయిన. కుడిచేత నా జడ పట్టుకున్నది. పట్టుకోని ఎంత గట్టిగ గుంజిందంటె, నేను పోయి ఆమె ఒడిల పడ్డ.

"పట్టుతాంది చెయ్యి" అన్నది కొడుకుతోని. అటెన్క నా చెవుల, జడ ఇడవకుంటనే, "కుమ్మరోని మోచెయ్యి సంగతి నాకు ఎరకలేదనుకున్నవా? గంత మందిల అనాలెనా?"

"అనకుంటె నువ్వు నోరు తెరుస్తవా అత్తా?"

"తెరవ" అన్నది. జడ ఇడిసింది.

ఆ తాప వానకాలం పోకముందే మేడ్చల్ నుంచి ఒక బండాయన మోకాలు తప్పిపోయి వచ్చిండు. అత్త అలవాటు తీరుగ పీట ముంగటికి జరుపుకున్నది. జరుపుకోని, పీట నా దిక్కు తోసింది. "నువ్వు గుంజు. నేను తిడ్త" అన్నది. ఆయన ఎడ్ల మీద ఏదో అన్నది, ఆయన ఎగిరిండు, నేను గుంజిన. గట్ల మొదలైంది. అత్త ఉన్నన్నాళ్లు ఆమె నోరు, నా చేతులు. ఆమె పోయినంక రెండూ నావే. అల్వాల్ నుంచి, మేడ్చల్ నుంచి, మా తల్లిగారి బహదూర్‌పల్లి నుంచి గూడ వచ్చిన్రు. పాత బంక మాత్రం నా చేతుల మీదికెళ్లి ఎవరి ఒంటికీ పోలె. ఏ ఏడు బంక ఆ యేడే. మిగిలింది పొగకు.

నాకు అక్షరాలు వచ్చింది నెత్తి నెరిసినంక, రాత్రి బడిల. పేరు రాసుడు వచ్చినంక మొట్టమొదలు రాయాలనుకున్నది గీ ముచ్చటే. మా మనుమలు ఇది కథ అంటరు, కోడలు అత్తను తిడితె అత్త ఊకుంటదా అంటరు. ఊకోలె, చెంప మీద కొట్టింది అని చెప్పిన గద. నా చేతులతోని మా అత్త చెయ్యి నిలవెట్టిన. అన్నదానికి నాకు అప్పుడు చింత లేదు, ఇప్పుడు లేదు. నమ్మనోళ్ల కోసం ఆ ఆదివారం వాకిట్ల ఉన్నోళ్లను చెప్తున్న: గోడకు ఆనుకోని కూసున్న మా అత్త, మోచెయ్యి కాడ పట్టుకోని మొఖం అటు తిప్పుకున్న మా ఆయన, కొత్త కుండతోని వచ్చిన కుమ్మరి మామ, ప్రార్థనకు పోకుండ ఆగి గుడ్లు ఇచ్చిన పక్కింటామె, నేను. ఇంకెవ్వరు లేరు. మేము గూడ ఉంటిమని ఎవరన్న చెప్తె నమ్మకున్రి.